గాలికి పెంకులు లేచిపోయాయి. పోయినవే వేయాలా, మొత్తం దింపాలా?

ఉరవకొండ_గాలి
మాది ఉరవకొండ దగ్గర పల్లె. తాత కట్టించిన పెంకుటిల్లు, మంగళూరు పెంకులు. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది, నేను బెంగళూరులో. పోయిన వారం గాలికి పడమటి వాలు మీద పెంకులు లేచిపోయాయి. ఫోన్‌లో అమ్మ ముప్పై అంది, శనివారం వచ్చి లెక్కపెడితే 41. కొన్ని కిందపడి ముక్కలైనాయి, కొన్ని జారి పక్క వరుస మీద కూర్చున్నాయి. వంటింట్లో నిలబడితే ఆకాశం కనిపిస్తోంది. ప్రస్తుతానికి టార్పాలిన్ కప్పి ఇటుకలు పెట్టినా. అది రాత్రంతా పటపటా కొట్టుకుంటుంటే అమ్మకి నిద్ర లేదు.

ఊర్లో మేస్త్రీని పిలిస్తే పైకి ఎక్కలేదు కూడా. వాకిట్లో నిలబడి తలెత్తి చూసి, "ఈ పెంకులు ఇప్పుడు యాడ దొరుకుతాయప్పా, అన్నీ దింపేసి రేకులు వేద్దాం, లక్షా ఇరవై అవుతుంది" అన్నాడు. ఇంకో ఆయన పోయిన చోటల్లా రేకు ముక్క దూర్చి చుట్టూ సిమెంటు పూస్తాడట, ఐదు వేలు చాలంట. ఐదు వేలు ఎక్కడ, లక్షా ఇరవై ఎక్కడ? ఇట్లాంటి పని చేయించినవాళ్లు ఉంటే చెప్పండి. నాకు సెలవు నాలుగు రోజులే.

ఉగ్గాని_బజ్జి
ఐదు వేలాయనకి మజ్జిగ ఇచ్చి పంపించేయ్.

హంద్రీ_గట్టు
రేకులు వేసేసుకో. మా కర్నూల్లో పెద్దనాన్న వాళ్లు పెంకులు తీసి రేకులు వేసి ఆరేళ్లయింది, ఒక్క చుక్క కారలేదు. ఏటా ఎవడో ఒకడు ఎక్కి సర్దాల్సిన పని లేదు. ఎక్కేవాళ్లు దొరకరు, దొరికినా వాళ్లు తొక్కి పగలగొట్టేవే పది ఉంటాయి. ముసలామె ఒక్కతే ఉండే ఇంటికి ఆ తలనొప్పి ఎందుకు?

రిటైరైన_ఓవర్సీరు
ఆగండి. ముందు నా ప్రశ్నకి జవాబు చెప్పు నాయనా. ఇల్లు కట్టి ఎన్నేళ్లయింది? అన్నేళ్లూ మీ ఊరికి ఆషాఢం గాలి రాలేదా? మరి ఈ ఏడే 41 పెంకులు ఎందుకు పోయాయి? పోయిన పెంకు తెచ్చి పెట్టడం ఒకపూట పని. ఎందుకు పోయిందో కనుక్కోకపోతే వచ్చే ఆషాఢానికి ఇదే ప్రశ్న మళ్లీ రాస్తావు.

లోపలి నుంచి లైటు వేసి రీపర్లు, అంటే పెంకులు ఆనుకునే అడ్డకర్రలు, చూడు. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు, మెత్తగా దిగితే చెదలో పుచ్చో పట్టినట్టే. చూరు వరుస పెంకులకి తీగ కట్టి ఉందేమో చూడు. ఈ రెండూ చూడకుండా రూపాయి ఖర్చు పెట్టవద్దు.

ఉరవకొండ_గాలి
ఇల్లు 1962లో కట్టారని అమ్మ అంటోంది సార్. పైకి ఎక్కాలంటే నాకు భయం, నిజం చెప్పాలంటే. రేపు పొద్దున అటక మీదికి ఎక్కి లోపలి నుంచి చూస్తా.

పెన్నా_ఇసుక
మీ పక్క గాలికి కరెంటు పుట్టిస్తున్నారు కదన్నా, వజ్రకరూరు రోడ్డులో ఎటు చూసినా గాలిమరలే. దాని ముందు పెంకులొక లెక్కా.

ఉగ్గాని_బజ్జి
ఇంటి నెత్తిన కొప్పు మీద ఒక ఫ్యాను బిగిస్తే కరెంటు బిల్లన్నా తప్పుతుంది.

వడ్రంగి_కొడుకు
మా నాయన నలభై ఏళ్లు ఈ పనే చేశాడు, నేను చిన్నప్పుడు కింద నుంచి పెంకులు అందించేవాణ్ణి. తెలిసింది చెప్తా.

మంగళూరు పెంకుకి పక్కన గాడి ఉంటుంది, ఒకదాని గాడిలో ఇంకోటి కూర్చుంటుంది. వెనక పైభాగంలో రెండు ముక్కులు ఉంటాయి, అవి రీపరుకి తగులుకుంటాయి. ఇంటి మీద పెంకుల్ని పట్టి ఉంచేవి ఆ ముక్కులూ, పెంకు బరువూ. మేకుల్లేవు. కాబట్టి మధ్యలో ఒకటి పోతే మొత్తం విప్పాల్సిన పనే లేదు. పై వరుస పెంకును కొంచెం ఎత్తి పైకి తోసి, కొత్తదాన్ని కింది నుంచి దూర్చి, ముక్కు రీపరుకి తగిలిందో లేదో చేత్తో కిందికి లాగి చూసి, పైదాన్ని దాని మీదికి దించాలి. చేయి తిరిగినోడికి ఒక్కోదానికి రెండు మూడు నిమిషాలు.

కష్టమంతా ఒకే అచ్చు పెంకు దొరకడంలో ఉంది. అన్నీ మంగళూరు పెంకులే అంటారు గానీ ఒక్కో ఫ్యాక్టరీ అచ్చు ఒక్కో రకం. గాడి అర అంగుళం తేడా వచ్చినా కూర్చోదు, ఎత్తుగా నిలబడుతుంది, ఆ సందులో గాలి దూరుతుంది. కొనడానికి పోయేటప్పుడు ఒక మంచి పెంకు చంకలో పెట్టుకుని పో. ఫోటో చూపిస్తే సరిపోదు.

ఇంకోటి. మీ నాయనో తాతో మిగిలిన పెంకులు దాచి ఉంటారు. గొడ్ల కొట్టం వెనక, బావి పక్కన, గోడవార చూడు. ఆ కాలం వాళ్లు నూరు పెంకులు ఎక్కువ కొనకుండా ఇల్లు కప్పేవాళ్లు కాదు.

ప్రొద్దుటూరు_కోడలు
సిమెంటు పూయించొద్దు. మా అత్తగారింట్లో చేసిన తప్పు అదే. నాలుగు పెంకులు పగిలితే మేస్త్రీ వాటి మీదే సిమెంటు మెత్తాడు. మొదటి ఎండాకాలానికే సిమెంటుకీ పెంకుకీ మధ్య వెంట్రుకంత బీట వచ్చింది. వానకి నీళ్లు ఆ బీటలో దూరి లోపలే నిలబడ్డాయి. మూడేళ్లకి తీయిస్తే కింద రీపరు అటుకుల్లా రాలింది. అంతా కలిసి గడ్డకట్టింది కాబట్టి నాలుగు తీయబోతే ఇరవై రెండు పగిలాయి. ఇరవై రెండు! నేనే లెక్కపెట్టినా.

హంద్రీ_గట్టు
అందుకే అంటున్నా రేకులని. ఇన్ని బాధలు ఉండవు.

ప్రొద్దుటూరు_కోడలు
మీ పెద్దనాన్న ఇంట్లో ఏప్రిల్ నెల మధ్యాహ్నం రెండింటికి పడుకుని చూశారా ఎప్పుడైనా?

హంద్రీ_గట్టు
ఏసీ ఉంది.

ఉగ్గాని_బజ్జి
🤣 రేకుల ధరలో ఏసీ కలిపి చెప్పాలి మరి.

రిటైరైన_ఓవర్సీరు
నవ్వులాటకి అన్నా అందులో విషయం ఉంది. కర్నూలు, అనంతపురంలో ఎండాకాలం 42, 43 డిగ్రీలు మామూలు. ఇనుప రేకు ఎండని నేరుగా లోపలికి కక్కుతుంది. పెంకు మట్టిది, మందం ఉంటుంది, పెంకుల సందుల నుంచి వేడిగాలి బయటికి పోతుంది. రేకు వేస్తే కింద సీలింగు తప్పదు, ఆ ఖర్చు మేస్త్రీ మొదట చెప్పడు. సిమెంటు రేకు వేస్తామంటే అసలు వద్దు. చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, కోసినా బెజ్జం వేసినా ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

వాన సంగతి అంటారా, అనంతపురానికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల పైచిలుకు. ఆ కాస్త వానకి భయపడి ఏడాదిలో పది నెలల ఎండని నెత్తి మీదికి తెచ్చుకుంటారా?

కోతుల_బాధితుడు
గాలి అంటున్నారు గానీ కోతుల సంగతి ఎవరూ అడగలేదు. మాది సిద్దవటం పక్క. మా ఇంటి మీద గాలికి పోయినవి సున్నా, కోతులు తీసినవి వందకి పైనే. వరసగా కూర్చుని ఒక్కో పెంకు ఎత్తి కింద బల్లులు, తేళ్లు ఉన్నాయేమో వెతుకుతాయి. చూసినాక మళ్లీ పెట్టాలనే మర్యాద లేదు, కిందికి వదిలేస్తాయి. అన్నా, నీ పెంకులు ఒకేచోట పోయాయా, అక్కడక్కడా పోయాయా?

ఉరవకొండ_గాలి
ఒకేచోట. నైరుతి మూల నుంచి చూరు వెంబడి మూడు నాలుగు వరుసలు. కోతులు మా ఊర్లో తక్కువ.

కోతుల_బాధితుడు
అయితే గాలే. కోతివైతే గళ్లు గళ్లుగా పోతాయి, చదరంగం బల్లలాగా. మా ఊర్లో ఒకాయన కొండముచ్చును తెచ్చి కట్టేద్దామన్నాడు, అది కేసు అవుతుందని ఫారెస్టు వాళ్లు చెప్పినాక మానుకున్నాడు. 1972 వన్యప్రాణి చట్టం కింద దాన్ని పట్టుకోవడమే నేరం. ఇప్పుడు కొండముచ్చు బొమ్మ ఫ్లెక్సీ కట్టుకున్నాడు. కోతులు దాని మీదే ఎక్కి కూర్చుంటున్నాయి.

ఆదోని_మిద్దె
మీ పెంకుల గొడవ చూస్తుంటే మా మట్టి మిద్దె ఎంత నయమో. దూలాలు, దంతెలు, వాటి మీద కట్టెలు, ఆకు, మట్టి, అన్నిటి పైన చౌడు. వాన కాలం ముందు నాలుగు గంపల చౌడు తెచ్చి చల్లితే అయిపోయేది. గాలి ఏమీ చేయలేదు. ఎండాకాలంలో ఇల్లు చల్లగా కుండలో నీళ్లలాగా ఉండేది.

పెన్నా_ఇసుక
ఉండేది అంటున్నావు. ఇప్పుడు?

ఆదోని_మిద్దె
ఇప్పుడు స్లాబు. చౌడు తెచ్చేవాళ్లు లేరు, మిద్దె మీద గడ్డి పీకేవాళ్లు లేరు.

రిటైరైన_ఓవర్సీరు
చౌడు సంగతి చిన్న మాట చెప్తా, మా ఉద్యోగంలో నేర్చుకున్నది. చౌడు నేలలో సోడియం ఎక్కువ. తడి తగలగానే మట్టి రేణువులు విడిపోయి ఉబ్బి సందులన్నీ మూసుకుంటాయి, నీళ్లు కిందికి దిగవు. పొలానికి అదే శాపం, మిద్దెకి అదే వరం. మన పెద్దవాళ్లు పంటకి పనికిరాని మట్టిని నెత్తి మీద పెట్టుకున్నారు. సరే, ఆ కుర్రాడి ఇల్లు పెంకుటిల్లు, దాని గురించి మాట్లాడదాం.

డల్లాస్_కడపోడు
నేను ఉండే చోట ఇళ్ల మీద పెంకులుండవు, షింగిల్స్ అని తారు అట్టల్లాంటివి. అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు పట్టీలు, పైన రాతి రవ్వ అంటించి ఉంటుంది. చెక్క పలకల మీద ఒకదాని మీద ఒకటి సగం కప్పేలా మేకులతో కొడతారు. పోయిన ఏడు వడగళ్లు, గాలి కలిసి మా ఇంటి మీద తొమ్మిది ఊడిపోయాయి. పొద్దున చూస్తే లాన్‌లో నల్లగా చచ్చిన గబ్బిలాల్లా పడున్నాయి.

వడగళ్లు ఆగిన మూడో గంటకి తలుపు కొట్టడం మొదలు. "మీ కప్పు పాడైంది, మొత్తం మార్చాలి, ఇన్సూరెన్సు ఇస్తుంది" అని ఒకడి తర్వాత ఒకడు, ఆ వారం పదకొండు మంది. మీ మేస్త్రీ వాకిట్లోంచి చూసి రేకులు అన్నట్టే, వాళ్లూ రోడ్డు మీంచి చూసి మొత్తం మార్చాలంటారు. లెక్కేస్తే ఇన్సూరెన్సు వాళ్లు మన వాటా అని ముందు కోసేసే డబ్బే రిపేరు ఖర్చు కంటే ఎక్కువ. పక్కింటి మెక్సికన్ పెద్దాయన సాయంతో నేనే వేసుకున్నా.

పని మాత్రం మీ పెంకు అంత సులువు కాదు. పై వరుసకి కొట్టిన మేకులే కింది షింగిల్ పైఅంచులోంచి కూడా దిగి ఉంటాయి. అంటే ఒక్కటి మార్చాలంటే రెండు వరుసల మేకులు పీకాలి. దానికి ముందు పైదాని అడుగున ఎండకి కరిగి అంటుకున్న జిగురు పట్టీని చదును కడ్డీతో మెల్లగా విడదీయాలి. ఎండలో చేస్తే షింగిల్ మెత్తబడి చిరుగుతుంది, చలిలో చేస్తే పెళుసుగా విరుగుతుంది. పొద్దున ఎనిమిది లోపల చేయాలి. ఒక్కోదానికి నాలుగు మేకులు, గాలి ఎక్కువ ఉండే చోట ఆరు. మా ఇంటికి నాలుగే కొట్టి వదిలేశారని పీకినప్పుడు తెలిసింది. ఓవర్సీరు సార్ అడిగిన "ఎందుకు పోయాయి"కి మా ఇంట్లో జవాబు అదే.

హంద్రీ_గట్టు
ఆ షింగిల్స్ మన కర్నూల్లో కూడా వచ్చాయి. మా బావమరిది పోర్టికో వాలు స్లాబు మీద ఎలివేషన్ కోసం వేయించుకున్నాడు. కాంక్రీటులో మేకు దిగడం లేదని కుర్రాళ్లు ఒట్టి జిగురుతో అంటించి పోయారు. రెండో ఎండాకాలానికి అంచులు ముడుచుకుని అప్పడాల్లా లేచాయి. ఇప్పుడు అదే రంగు దొరకడం లేదని పచ్చవాటి మధ్య ఎర్రవి నాలుగు.

ఉగ్గాని_బజ్జి
పచ్చ మధ్యలో ఎరుపు అంటే దానిమ్మ తోట. ఎలివేషన్ కుదిరింది.

డల్లాస్_కడపోడు
కాంక్రీటు మీద అయితే ముందు ప్లైవుడ్డో సిమెంటు బోర్డో స్క్రూలతో బిగించి, తారు షీటు పరిచి, దాని మీద మేకు కొట్టాలి. ఒట్టి జిగురుతో మన ఎండకి నిలబడదు.

ఉరవకొండ_గాలి
అటక ఎక్కినా. మూడు సంగతులు.

ఒకటి, వంటింటి మూలన రీపర్లు స్క్రూడ్రైవర్ పెడితే బిస్కెట్ లాగా దిగింది. ఒక పక్క గోడ నుంచి చెదల మట్టి గీత పైదాకా పాకి ఉంది. 2021 నవంబరు వానలప్పుడు అక్కడ కారిందని, గిన్నె పెట్టి ఊరుకున్నామని అమ్మ ఇప్పుడు చెప్తోంది. మిగతా చోట్ల గట్టిగానే ఉన్నాయి, పాత టేకు.

రెండు, పగిలిన పెంకు వెనక ఇంగ్లీషులో బేసెల్ మిషన్ 1865 అని అచ్చు ఉంది. మా పెంకులు 160 ఏళ్లవా?

మూడు, సార్ అడిగింది రాత్రంతా ఆలోచించినా. మా ఇంటికి పడమర పక్కన రెండంతస్తుల మిద్దె ఉండేది. వాళ్లు కొత్తిల్లు కట్టుకోవాలని మార్చిలో పడగొట్టారు. ఇప్పుడు అక్కడ ఖాళీ స్థలం, దాని అవతల చేలు.

రిటైరైన_ఓవర్సీరు
దొరికింది. అరవై ఏళ్లు ఆ మిద్దె మీ ఇంటికి గొడుగు పట్టింది. ఇప్పుడు పడమటి గాలి చేల మీదుగా వచ్చి నేరుగా మీ గోడకి కొడుతోంది. గోడకి తగిలిన గాలి పైకి లేచి చూరు సందులోంచి పెంకుల కిందికి దూరి తోస్తుంది. వాలు మీద నుంచి పోయే గాలి పైకి లాగుతుంది. తోపూ లాగుడూ రెండూ ఎక్కువ పడేది మూలల్లో, అంచుల్లో. నైరుతి మూల నుంచే మొదలైందన్నావు కదా. పెంకు బరువు రెండున్నర, మూడు కిలోలే. కింద రీపరు పుచ్చిపోతే ముక్కు కూడా తగులుకోదు.

1865 అంటే ఫ్యాక్టరీ మొదలైన ఏడు. మంగళూరులో నేత్రావతి ఒడ్డున, అక్కడి బంకమట్టితో, బేసెల్ మిషన్ తరఫున ప్లెబ్స్ట్ అనే జర్మన్ ఆయన మొదలుపెట్టాడు. నీ పెంకు కాల్చిన ఏడు కాదది.

ఉరవకొండ_గాలి
అమ్మని అడిగితే ఇంకో కథ బయటికొచ్చింది. గుంతకల్లులో ఏదో పాత బంగళా పడగొడుతుంటే తాత పోయి పెంకులు కొని ఎద్దులబండి మీద తెచ్చాడంట. అంటే 62లో కప్పేటప్పటికే అవి పాతవి.

పెన్నా_ఇసుక
ఆ లెక్కన నీది సెకండ్ హ్యాండు కప్పు. మేస్త్రీకి చెప్పు, "యాడ దొరుకుతాయి" అని అరవై ఏళ్ల కిందటే ఎవడో మీ తాతనీ అడిగుంటాడని.

వడ్రంగి_కొడుకు
ఇప్పుడు పని చెప్తా, రాసుకో.

పుచ్చిన రీపర్లు తీసేయ్. ఒక్కటి కాదు, మెత్తబడినదానికి రెండు పక్కలా ఒక్కో వాసం దాకా మార్చు. కొత్త రీపరు పాతదాని దూరంలోనే కొట్టాలి. సుమారు పన్నెండున్నర అంగుళాలు అంటారు గానీ టేపు లెక్క నమ్మొద్దు, మీ పెంకుని పెట్టి చూసి కొట్టించు. చెదల మందు పూసినాకే పైకి ఎక్కించాలి. గోడ మీది మట్టి గీతను గీకేసి అడుగున మందు పోయించు, లేకపోతే కొత్త కట్టె వాటికి కొత్త బువ్వ.

తీగ. పెంకు వెనక ముక్కు దగ్గర చిన్న బెజ్జం ఉంటుంది, చూశావా? అది తీగ కోసమే. చూరు వెంబడి రెండు వరుసలు, పక్క అంచులు, కొప్పు కింది వరుస, ఇవి జింకు పూత తీగతో రీపరుకి కట్టించు. రాగి తీగైతే ఇంకా మంచిది, అయితే దాన్ని దొంగలు విప్పుకుపోతారు. మధ్యలోవి కట్టక్కర్లేదు. మీ ఇంటికి ఇన్నాళ్లూ గొడుగు ఉంది కాబట్టి అప్పట్లో కట్టి ఉండరు, కట్టినా తుప్పు పట్టి తెగిపోయుంటుంది.

పాత పెంకు కొనేముందు వేలితో కొట్టి విను. కంచు మోత మోగాలి. మొద్దుగా పలికితే బీట ఉన్నట్టు, కంటికి కనపడకపోయినా సరే.

కొప్పు పెంకులకి మాత్రం సున్నం ఎక్కువ, సిమెంటు తక్కువ వేసి కలిపిన మాలు పెట్టాలి. ఇంటి మొత్తంలో పూత పనికొచ్చేది అక్కడే.

రిటైరైన_ఓవర్సీరు
ఎక్కే మనిషి గురించి కూడా. గాలి లేని పొద్దుటిపూట ఎక్కించు. పెంకు నడుమ కాలు పెట్టకూడదు, కింద రీపరు ఉన్న వరుస మీద, పెంకు మీద పెంకు పడే చోట పెట్టాలి. అంతకంటే మంచిది, అడ్డకర్రలు కొట్టిన పలక ఒకటి కొప్పుకి తాడుతో కట్టి వాలు మీద పరచడం. మనిషి నడుముకీ తాడు కట్టి అవతలి వైపు దూలానికి ముడేయించు. నా సర్వీసులో స్లాబు మీద నుంచి పడినవాళ్ల కంటే పెంకుల మీద నుంచి జారినవాళ్లనే ఎక్కువ చూశాను. నువ్వు మాత్రం ఎక్కవద్దు. భయం అన్నావు, ఆ భయం మంచిదే.

హంద్రీ_గట్టు
ఇంత శ్రద్ధగా చేసే మనిషి దొరికితే నేనూ పెంకులే అంటా. నా వాదన మొదటి నుంచీ అదే, మనుషులు లేరని.

ప్రొద్దుటూరు_కోడలు
వాదన మార్చినారు, సంతోషం.

హంద్రీ_గట్టు
మార్చలేదక్కా, పక్కకి జరిపినా.

వడ్రంగి_కొడుకు
హంద్రీ అన్నది నిజమే. మా నాయన తర్వాత నేను ఆ పని చేయలేదు, ఫర్నిచర్ షాపులో ఉన్నా. మా ఊర్లో పెంకుల పని తెలిసినోళ్లు ఇప్పుడు ఇద్దరు, ఇద్దరికీ అరవై దాటాయి. స్లాబు మేస్త్రీలను అడగొద్దు, వాళ్లకి రేకులే తెలుసు. మీ పక్క ఊళ్లలో పాత గుడికో బడికో పెంకులు ఉంటే అక్కడ ఎవరు సర్దుతున్నారో కనుక్కో.

ఆదోని_మిద్దె
గాజు పెంకు ఒకటి వేయించుకో వంటింటి మీద. మా మిద్దెకి గవాక్షం ఉండేది, పొద్దున్నే అందులోంచి ఎండ పొయ్యి దగ్గర పడితే అవ్వ టైము చెప్పేది.

ఉరవకొండ_గాలి
రెండు వారాలు అయింది, ఏం జరిగిందో చెప్పలేదు కదా.

వడ్రంగి అన్న చెప్పినట్టే గొడ్ల కొట్టం వెనక చూస్తే కంప కింద 38 పెంకులు నిలువుగా పేర్చి ఉన్నాయి. నాయన పెట్టినవంట, అమ్మకే గుర్తు లేదు. కొట్టి చూస్తే 31 మోగాయి. అచ్చు కూడా అదే. మనిషి కోసం మూడు ఊర్లు తిరిగినా. చివరికి పాత బడికి పెంకులు సర్దే తాత ఒకాయన, వాళ్ల మనవడు వచ్చారు. తాత ఎక్కలేదు, వాకిట్లో మంచం మీద కూర్చుని చెప్తుంటే మనవడు చేశాడు. నడుముకి తాడు కట్టుకోమంటే మనవడు నవ్వాడు, తాత తిడితే కట్టుకున్నాడు.

పోయిన 41లో జారినవి తొమ్మిది బాగున్నాయి. రీపర్లు మార్చేటప్పుడు ఆరు పగిలాయి, బీటలున్నవి ఇంకో ఎనిమిది దింపినారు. మొత్తం 46 కావాల్సి వచ్చింది. దాచినవి 31. తక్కువ పడిన 15 కోసం హిందూపురం వైపు పాత ఇళ్ల సామాను అమ్మే చోటికి పెంకు చంకలో పెట్టుకుని పోయినా. అచ్చు కలవలేదు. వట్టి చేతులతో రావడం ఎందుకని అవే 30 తెచ్చినా, ఒక్కోటి 22 రూపాయలు. తాత చూసి ఒక ఉపాయం చెప్పాడు. గొడ్ల కొట్టం మీదివి కూడా పాత అచ్చే, అందులోంచి 15 దింపి ఇంటి మీద వేసి, కొట్టానికి ఆ ఖాళీలో వేరే అచ్చువి వరుసకి వరుసగా వేయించాడు. అట్లా రెండు అచ్చులు ఒకే వరుసలో పక్కపక్కన రాలేదు. కొట్టం కాబట్టి కొంచెం ఎత్తుపల్లం ఉన్నా గొడ్లు ఫిర్యాదు చేయవు.

కూలీ రెండు రోజులకి ఇద్దరికీ కలిపి 3,600, రీపర్లు 2,600, పెంకులు 660, ఆటో 900, తీగ, మేకులు, చెదల మందు, సున్నం అన్నీ కలిపి ఇంకో 850. మొత్తం 8,610. మొదటి మేస్త్రీ దారిలో కనపడి, "ఎంతైందప్పా?" అన్నాడు. చెప్తే, "నేను నీ మంచికే చెప్పినా" అన్నాడు.

ఉగ్గాని_బజ్జి
ఆ 30లో మిగిలినవి?

ఉరవకొండ_గాలి
15.

పెన్నా_ఇసుక
వాన పడిందా? అది చెప్పు ముందు.

ఉరవకొండ_గాలి
మొన్న రాత్రి పడింది, గంటసేపు, గాలితో. అమ్మ టార్చి పట్టుకుని అన్ని గదులూ తిరిగిందంట. వంటింట్లో ఒకచోట చుక్క పడింది. అయ్యో అనుకుని పొద్దున చూపిస్తే గాజు పెంకు పక్క గాడిలో కట్టెముక్క ఇరుక్కుంది, తాత మనవడు వచ్చి తీసేశాడు. డబ్బులు తీసుకోలేదు, ఉగ్గాని తిని పోయాడు.

ఉగ్గాని_బజ్జి
నా పేరు చెప్పారా?

రిటైరైన_ఓవర్సీరు
పడమటి స్థలంలో పక్కింటివాళ్లు మళ్లీ మిద్దె లేపేదాకా ప్రతి జ్యేష్ఠంలో ఆ తీగలు ఒకసారి చూపించు నాయనా. మరిచిపోవద్దు.

కోతుల_బాధితుడు
అన్నా, మిగిలిన ఆ 15 పెంకులు అమ్ముతావా? నాకు 20 దాకా కావాలి. ఆటో ఖర్చు నేనే పెట్టుకుంటా.

ఉరవకొండ_గాలి
అడిగినందుకు ఏమీ అనుకోవద్దన్నా, అవి ఇవ్వను. నాయన పేర్చిన చోటే, అదే కంప కింద పేర్చినా. తేళ్లు చేరతాయని అమ్మ తిడుతోంది.